వాడు చూపించిన వైపు

కార్లు బాగుచేయడమే నా పని. ఎవరి బండి ఏ రోడ్డు మీద మొరాయించినా "గ్యారేజీ అక్కని పిలవండి" అంటారు. అలాంటి దాని పుట్టింటి వెనక షెడ్డులో ఒక కారు ముప్పై ఏళ్ళ పైచిలుకు ఇటుకల మీద నిలబడి ఉందంటే ఎవరైనా నవ్విపోతారు. అందుకే ఎవరికీ చెప్పను. ఆ షెడ్డు తాళం నాన్న దగ్గరే ఉంటుంది. ఆ కారు ఊసు అమ్మ ముందు ఎత్తకూడదు. ఈ రెండు సంగతులూ చిన్నప్పుడే నాకు ఒంటికి పట్టేశాయి.

మొన్న వానలకి షెడ్డు పైకప్పు కూలింది. పొద్దున్నే అమ్మ ఫోను చేసింది.

"షెడ్డు పడిపోయింది. ఆ దరిద్రాన్ని ఇక ఇంట్లోంచి తీయించెయ్. ఆయనకి చెప్పు, ఈసారి అడ్డం పడితే ఊరుకునేది లేదని."

"నాన్న ఎక్కడున్నాడు?"

"ఇక్కడే. నా ఎదురుగా కుర్చీలో."

"అయితే నువ్వే చెప్పొచ్చు కదమ్మా."

"నువ్వు చెప్పు," అని ఫోను తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టేసింది.

మా ఇంట్లో ఇది మామూలే. అమ్మ నాన్నతో మాట్లాడదు. నాలుగు రోజులు అలిగి ఐదో రోజు కలిసిపోయే వ్యవహారం కాదిది. వేళకి భోజనం పెడుతుంది, మందులు అందిస్తుంది, చొక్కా గుండీ ఊడితే కుడుతుంది. మాట మాత్రం ఉండదు. ఏదైనా చెప్పాల్సి వస్తే గోడకో, గిన్నెకో, నాకో చెప్తుంది. "నీళ్ళు కాగాయి" అని గోడతో అంటే నాన్న తువ్వాలు భుజాన వేసుకుని లేస్తాడు. నాకు పెళ్ళయి వచ్చేశాక పాపం ఆ గోడకి పని పెరిగింది.

"లాక్కెళ్ళడానికి వీల్లేదు," అన్నాడు నాన్న ఫోన్లో. "తాడు కట్టి శవాన్ని ఈడ్చినట్టు ఈడుస్తానంటే నేను ఒప్పుకోను. వెళ్తే నడిచి వెళ్ళాలి."

"నాన్నా, దాని టైర్లు పిండైపోయి ఉంటాయి. లోపల ఇంజను పట్టేసి ఉంటుంది."

"మరి నువ్వెందుకున్నావు?"

ఆ మాటకి నేను పడిపోయాను. ఆ కారు బానెట్ ఎత్తి చూడాలని నాకు పదేళ్ళప్పటినుంచీ ఉంది. నేను పానా పట్టుకోవడం నేర్చుకున్నదే దానికోసమని నా మొగుడు వెక్కిరిస్తాడు. అందులో అబద్ధం ఏమీ లేదు.

అసలు సంగతి చెప్పకుండా కారు దగ్గరికి వెళ్ళలేను. నాకు ఒక తమ్ముడుండేవాడు. పిడుగు అని పిలిచేవాళ్ళం. నాలుగడుగులు పరిగెత్తితే ఉబ్బసం వచ్చి గోడ పట్టుకునేవాడు, పేరు మాత్రం పిడుగు. నాన్న ఆ కారుని కిరాయికి తిప్పేవాడు. దూరాభారం ప్రయాణాలు వస్తే వారాల తరబడి ఇంటికి వచ్చేవాడు కాదు. ఆయన ఇంట్లో ఉన్న రోజుల్లో పిడుగు నాన్న వెనకాలే తోకలా తిరిగేవాడు. ఆయన బానెట్ ఎత్తితే వీడు స్టూలు వేసుకుని ఎక్కి పక్కనే వంగేవాడు. ఇంజన్లో ఏది దేని పక్కన ఉంటుందో వాడికి అక్షరాల కంటే ముందే వచ్చు.

ఆ రోజుల్లో మా వీధిలో బండ్లు మాయమవుతుండేవి. అందుకని నాన్న రోజూ ఇల్లు చేరగానే ఇంజను పక్కన ఉండే గుండ్రటి నల్లమూత తీసి, అందులోంచి రోటర్ అనే బొటనవేలంత ముక్కని పీకేసేవాడు. నిప్పురవ్వని ఒక్కో సిలిండరుకీ పంచిపెట్టేది అదే. అది లేకపోతే తాళం ఉన్నా, ట్యాంకు నిండా పెట్రోలు ఉన్నా బండి ఉలకదు పలకదు. దాన్ని జేబురుమాలు మధ్యలో పెట్టి, నాలుగు మూలలూ లోపలికి మడిచి, చొక్కా జేబులో వేసుకునేవాడు. ఆ చొక్కా తలుపు వెనక మేకుకి వేలాడేది. మళ్ళీ బయల్దేరేటప్పుడు తీసి పెట్టుకునేవాడు. మిగతావాళ్ళ ఇళ్ళలో తలుపు గడియ ఎంతో, మా ఇంట్లో ఇది అంత.

ఒకసారి ఆయన చాలా దూరం వెళ్ళాల్సి వచ్చింది. ముందురోజు సాయంత్రమంతా పిడుగు "వెళ్ళొద్దు నాన్నా" అని ఆయన కాళ్ళకి అడ్డం పడుతూనే ఉన్నాడు. "వెళ్ళకపోతే యజమాని కొడతాడ్రా" అని నాన్న నవ్వేశాడు. ఆయనకి యజమాని అంటూ ఎవరూ లేరు, అది మా ఇంట్లో ఒక వేళాకోళం.

తెల్లవారుతుండగా పిడుగుకి ఊపిరి అందడం మానేసింది. ముందు చాలాసార్లు వచ్చిందే కానీ అలా ఎప్పుడూ రాలేదు. నాన్న చొక్కా అందుకుని జేబులో చెయ్యి పెట్టాడు. జేబు ఖాళీ. రెండో జేబు, ప్యాంటు, మంచం కింద, పక్కబట్టలు, వంటింటి అరలు, ఎక్కడా లేదు. అమ్మ వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఉంది. వాడి భుజాలు చెవుల దాకా లేస్తున్నాయి, మాట రావడం లేదు. కుడిచెయ్యి ఎత్తి వాకిట్లో ఉన్న కారు వైపు చూపించాడు. "కారెక్కించమంటున్నాడండీ, ఏం చేస్తున్నారు!" అని అమ్మ అరిచింది. వాడు తల అడ్డంగా ఊపుతూ మళ్ళీ చూపించాడు. నాన్న దుప్పట్లు దులుపుతూ "ఎక్కిస్తాన్రా, ఎక్కిస్తాను" అన్నాడు. తలుపు పక్కన నిలబడి నేను ఇదంతా చూశాను.

చివరికి నాన్న వాణ్ణి చేతుల్లో వేసుకుని రోడ్డు మీదికి పరిగెత్తాడు. ఎవరో పాలవ్యాను అతను ఎక్కించుకున్నాడు. ఆస్పత్రి గేటు చేరేసరికే వాడు లేడు.

ఆ సాయంత్రం అమ్మ నాన్నని ఒకే మాట అడిగింది. "ఎక్కడ పారేశారు?"

"ఎక్కడో పారేశానే," అన్నాడు నాన్న.

వాళ్ళిద్దరి మధ్య ఆఖరి మాటలు అవే. నాన్న కిరాయి మానేసి ఒక గిడ్డంగిలో కాపలా పనికి కుదిరాడు. కారుని వెనక షెడ్డులోకి తోసి, ఇరుసుల కింద ఇటుకలు పెట్టి తాళం వేశాడు. ఆయన మతిమరుపు నా కొడుకుని మింగిందని అమ్మ వచ్చినవాళ్ళందరితోనూ అనేది. ఆయన వినేలాగే అనేది. ఆయన ఒక్కసారి కూడా కాదనలేదు.

నేను పరికరాల పెట్టె పట్టుకుని, మా గ్యారేజీ టింకరింగ్ మేస్త్రిని వెంటబెట్టుకుని వెళ్ళేసరికి నాన్న షెడ్డు ముందు స్టూలు వేసుకుని సిద్ధంగా కూర్చుని ఉన్నాడు. రేకులు తీసి పక్కన పడేశాం. వెలుగులోకి వచ్చిన కారుని చూసి మేస్త్రి బుగ్గలు నొక్కుకున్నాడు. గుండ్రటి దీపాలు, పొడవాటి ముక్కు, ఒకప్పుడు మీగడ రంగు. ఇప్పుడు రంగు అనడానికి ఏమీ మిగల్లేదు. "అక్కా, దీన్ని బాగుచేయడం కంటే కొత్తది కనడం తేలిక," అన్నాడు. వాడి నోటికి హద్దు లేదు, కానీ పని బంగారం.

నాన్న మాత్రం గంభీరంగా ఉన్నాడు. చేతులు వణుకుతాయి ఆయనకి ఈమధ్య. ఆ వణికే చేత్తోనే జేబులోంచి ఒక చిన్న అట్టపెట్టె తీసి నాకిచ్చాడు. లోపల కొత్త రోటర్. పెట్టె రంగు వెలిసిపోయింది కానీ దాన్ని ఎవరూ వాడలేదు.

"ఎప్పుడు కొన్నావు నాన్నా?"

"ఎప్పుడో. అది వెయ్యి, సరిపోతుంది. పాతదానికోసం వెతుకులాట పెట్టుకోకు." నేను పెట్టె జేబులో వేసుకుంటుంటే, "ఇంకో మాట. వెనక సీటు జోలికి పోవద్దు. ఇంజను చూసుకో, చక్రాలు చూసుకో, బ్రేకులు చూసుకో. వెనక సీటు అలాగే ఉండనీ," అన్నాడు.

వెనక సీట్లో ఎడమ మూల పిడుగుది. ఇంకెవరినీ కూర్చోనిచ్చేవాడు కాదు. ఆ బెంగే అనుకుని సరేనన్నాను.

పని మొదలుపెట్టాక నాకు ఆకలి దప్పులు తెలియలేదు. ఏళ్ళ తరబడి ఆగిపోయిన ఇంజన్ని ఒక్కసారిగా తిప్పకూడదు. తిప్పితే లోపల పట్టేసిన రింగులు విరుగుతాయి. ప్లగ్గులు విప్పి ఒక్కో రంధ్రంలోంచీ నూనె పోసి, దాన్ని నానబెట్టి వదిలేశాను. ట్యాంకులో పెట్రోలు ఎప్పుడో చిక్కటి బంకైపోయి పాత రంగు డబ్బా వాసన కొడుతోంది. ట్యాంకుని అలాగే వదిలేసి, ఒక డబ్బాలో కొత్త పెట్రోలు పోసి బానెట్ పక్కన వేలాడదీసి గొట్టం కలిపాను. నీళ్ళ గొట్టాలు పట్టుకుంటే పొడిపొడిగా రాలాయి. బ్రేకులు బిగుసుకుపోయి మేస్త్రి చేత నానా బూతులూ తిట్టించుకున్నాయి. నాన్న స్టూలు మీదనుంచే "అలా కాదు, ఎడమకి", "సుత్తి వద్దు, సుతారంగా" అంటూ మా ప్రాణం తీస్తూనే ఉన్నాడు.

అమ్మ పెరటి మెట్ల దాకా వచ్చి భోజనాలు పెట్టి వెళ్ళేది. కారు వైపు చూసేది కాదు. మెట్టు మీద పళ్ళెం పెడుతూ, "చేతులు కడుక్కోమను, నూనె చేతులతో తింటే మళ్ళీ కడుపునొప్పి" అని మెట్టుతో చెప్పేది. నాన్న వెళ్ళి చేతులు కడుక్కునేవాడు.

కొన్నాళ్ళకి ఇంజను కదిలింది. ముందు ఇంజన్ని చేత్తో తిప్పే హ్యాండిల్ పెట్టి ఊపాను, రాలేదు. వేరే టైర్లు వేసి ఇటుకల మీదనుంచి దించి, టాప్ గేరులో పెట్టి బండిని ముందుకీ వెనక్కీ ఉయ్యాల ఊపినట్టు ఊపాం. ఎక్కడో లోపల టక్కుమని వదిలింది. నాన్న స్టూలు మీదనుంచి లేచి నిలబడ్డాడు. వచ్చి నా తల మీద చెయ్యి వేశాడు. గ్యారేజీ పెట్టిన రోజున కూడా ఆయన నన్ను అలా మెచ్చుకోలేదు.

ఇక బ్యాటరీ పెట్టి స్టార్ట్ చేయడమే మిగిలింది. ఆ మధ్యాహ్నం నాన్న భోంచేసి లోపల కునుకు తీస్తున్నాడు. మేస్త్రిని బ్యాటరీకి పంపాను. కారులో కూర్చుని స్టీరింగ్ తుడుస్తుంటే వెనకనుంచి కంపు కొట్టింది. ఎలుకల కంపు. సీటు కింద గూళ్ళు కట్టి ఉంటాయని, వైర్లు కొరికి ఉంటాయని నాకు ముందే అనుమానం. నిప్పు రాజుకుంటే బండితో పాటు మేమూ పోతాం. పెద్దాయన చెప్పాడని చూస్తూ చూస్తూ వదిలేస్తే నేను చేసే పనికి అర్థం లేదు. నేను అసలే మాట వినే రకం కాదు. వెనక సీటు ఎత్తి బయట పడేశాను.

గూళ్ళు ఉన్నాయి. సీటు దూది, కాగితం ముక్కలు, అన్నీ కలిపి ఇల్లు కట్టుకున్నాయి. అదంతా ఊడ్చి, ఎడమ పక్క అట్ట వెనక వైరు ఎలా ఉందో చూద్దామని ఆ అట్టకి బిగించి ఉన్న సిగరెట్ బూడిద పెట్టె పట్టుకుని లాగాను. అది మొత్తంగా చేతిలోకి వచ్చేసింది. దాని వెనక గుప్పెడంత గుంట ఉంది. ఆ గుంట సంగతి నాకు తెలియదు. పిడుగు ఎప్పుడూ "నాకో బ్యాంకు ఉంది, ఎక్కడుందో చెప్పను పో" అని ఉడికించేవాడు.

అందులో గోళీలున్నాయి. ఒక రంగు గాజుముక్క, తెగిపోయిన నా రిబ్బను ముక్క ఉన్నాయి. వాటి పక్కన ఒక జేబురుమాలు, నాలుగు మూలలూ లోపలికి మడిచి ఉంది. విప్పకముందే నాకు తెలిసిపోయింది. విప్పాను. రోటర్.

సీటు తీసేసిన ఆ రేకు మీదే కూర్చుండిపోయాను. వాడు పగలే చొక్కా జేబులోంచి తీసుకుంటే దొరికిపోతానని, అందరూ పడుకునే హడావిడిలో తీసుకుని ఉంటాడు. నాన్న ఊరికి వెళ్ళకూడదు. బండి కదలకపోతే వెళ్ళలేడు. ఏ ముక్క తీస్తే బండి కదలదో మా వీధిలో ఆ వయసు పిల్లలందరిలో వాడొక్కడికే తెలుసు. గీత పడకుండా నాన్న మడిచినట్టే మడిచి, తన బ్యాంకులో దాచుకున్నాడు.

ఆ తెల్లవారుజాము నా కళ్ళముందుకి వచ్చింది. కారు వైపు ఎత్తిన చెయ్యి. అడ్డంగా ఊపిన తల. వాడు ఎక్కించమనలేదు. అక్కడుంది, తీసుకో అన్నాడు. ఊపిరి లేక చేత్తో చెప్పాడు. మేం ముగ్గురం చూస్తూనే ఉన్నాం, ఒక్కరికీ అర్థం కాలేదు. నాకు ఏడుపు రాలేదు.

"సీటు తీయొద్దన్నాను కదమ్మా."

నాన్న షెడ్డు గుంజ పట్టుకుని నిలబడి ఉన్నాడు. నా చేతిలో జేబురుమాలు చూశాడు. ఆయన మొహంలో ఆశ్చర్యం లేదు.

"నీకు తెలుసా?"

ఆయన మెల్లగా వచ్చి కారు అంచు మీద కూర్చున్నాడు. "వాడు పోయిన వారానికి వచ్చి ఇక్కడ కూర్చున్నాను. వాడి గోళీలు ఒకసారి పట్టుకోవాలనిపించింది. ఆ గుంట సంగతి నాకొక్కడికే చెప్పాడు. పెట్టె లాగితే గోళీలతో పాటు ఇదీ ఉంది."

"మరి అమ్మకి చెప్పలేదేం? ఇన్నేళ్ళూ ఆవిడ నిన్ను..." కోపం ముంచుకొచ్చింది. "నువ్వు పారేయలేదు నాన్నా! నీ తప్పు రవ్వంత లేదు! ఇన్నేళ్ళు ఇంట్లో మనిషిని మనిషిగా చూడకుండా గోడలకి చెప్పుకుంటూ తిరిగింది. నువ్వు తలొంచుకుని పడ్డావు. ఎందుకు?"

"అరవకు. వింటుంది."

"విననీ!"

"చెప్తే ఏమవుతుంది?" అన్నాడు నాన్న. "నీ కొడుకు చేజేతులా చేసుకున్నాడే అని చెప్పనా? ఏడేళ్ళ పసివాడమ్మా. నాన్న వెళ్ళకూడదని దాచాడు. అంతకుమించి వాడు చేసిందేమీ లేదు. మీ అమ్మ తట్టుకునేదా? నా మీద కోపం ఉంది కాబట్టి లేచి నిలబడింది. నన్ను తిట్టుకోడానికైనా పొద్దున్నే లేచేది, పొయ్యి వెలిగించేది, నీకు జడ వేసేది. ఆ కోపం లేకపోతే ఆవిడ ఆ మంచం దిగేది కాదు. కోపం పెట్టుకోడానికి మనిషికి ఒక చోటు కావాలి. నేనున్నాను కదా."

"నిన్ను గోడకంటే హీనంగా చూసింది."

"గోడతో మాట్లాడింది కదా, నేను విన్నాను," అని నవ్వబోయి నవ్వలేకపోయాడు. "అయినా నా తప్పు లేదని ఎవరన్నారు? వాడు చెప్పాడు. రెండుసార్లు చెప్పాడు. ఇంజను వైపు చూపిస్తే దేన్ని చూపిస్తున్నాడో, స్పానరు వైపు చూపిస్తే దేనికో, వాడి చెయ్యి ఎటు లేస్తే ఏం కావాలో ఎప్పుడూ నాకు తెలిసేది. ఆ ఒక్కసారి తెలియలేదు. దుప్పట్లు దులుపుతూ కూర్చున్నాను. కారు తలుపు తీసి చూసుంటే..."

నేను ఆయన భుజం మీద తల పెట్టి ఏడ్చాను. ఇన్నేళ్ళకి ఆయన కూడా ఏడ్చాడు. చప్పుడు లేకుండా, వంటింటి వైపు ఒక కన్ను వేసి.

"మరి నేను రాకముందే దీన్ని తీసి ఎక్కడైనా పారేయకపోయావా?" అని అడిగాను.

"తీద్దామనే చాలాసార్లు వచ్చాను. వాడు పెట్టిన చోటునుంచి తీయడానికి చెయ్యి రాలేదు." జేబురుమాలు తీసుకుని ఒళ్ళో పరుచుకుని మళ్ళీ మళ్ళీ మడిచాడు. "చూశావా, ఇన్నేళ్ళయినా చెక్కుచెదరలేదు. బుద్ధిగా దాచాడు. కొత్తది వద్దులే. ఇదే వెయ్యి. కానీ అమ్మకి ఒక్క ముక్క చెప్పినా నా మీద ఒట్టే."

నాకు ఒట్ల మీద నమ్మకం లేదు. ఆయన మీద ఉంది.

మేస్త్రి బ్యాటరీ తెచ్చేసరికి సీటు మళ్ళీ బిగించేశాను. గోళీలు, గాజుముక్క, రిబ్బను ఉన్నచోటే ఉంచి పెట్టె మూసేశాను. రోటర్ ఇత్తడి కొనని గరుకు కాగితంతో ఒకసారి రుద్ది, దాని చోట్లో కూర్చోబెట్టి, నల్లమూత వేశాను. మూత సరిగ్గా కూర్చుందో లేదో మళ్ళీ మళ్ళీ తడుముతుంటే మేస్త్రి విచిత్రంగా చూశాడు. "ఏంటక్కా, మొదటిసారి పెళ్ళిచూపులకి కూర్చున్నట్టు?" అన్నాడు. నోర్మూసుకోరా అన్నాను.

మొదట తిప్పితే దగ్గింది. రెండోసారి నల్లటి పొగ కక్కి ఆగింది. మూడోసారి అందుకుంది. పెరడంతా ఆ చప్పుడుతో నిండిపోయింది. నాన్న ప్రయాణాలనుంచి తిరిగొచ్చేటప్పుడు వీధి చివరనుంచే మాకు వినిపించే చప్పుడు అదే. అది వినగానే పిడుగు తింటున్నది వదిలేసి పరిగెత్తేవాడు. మేస్త్రి ఈలలు వేశాడు. నాన్న పక్క సీట్లో కూర్చుని ముందు అద్దంలోంచి ఎటో చూస్తున్నాడు.

అమ్మ మెట్ల మీదికి వచ్చింది. తడిచేతులు కొంగుతో తుడుచుకుంటూ చాలాసేపు నిలబడింది. ఇప్పుడు మెట్టుతోనో గోడతోనో ఏదో అంటుంది, మేం విని తలొంచుకుంటాం అనుకున్నాను. ఆవిడ మెట్లు దిగింది. బురదలో అడుగులు వేసుకుంటూ కారు దాకా వచ్చింది. వెనక తలుపు తెరుచుకుని లోపలికి ఎక్కి, ఎడమ మూలకి జరిగి కూర్చుంది. సీటు మీద చెయ్యి వేసి అటూ ఇటూ నిమిరింది. ఆవిడ మోచెయ్యి ఆ బూడిద పెట్టెకి ఆనుకుని ఉంది.

"గేటు దాకా పోనియ్," అంది నాతో.

క్లచ్ వదిలాను. కారు ఒక్క కుదుపు కుదిపి, తన చక్రాల మీద తను షెడ్డులోంచి బయటికి నడిచింది. మేస్త్రి గేటు తీయడానికి ముందు పరిగెత్తాడు. అద్దంలో అమ్మ మొహం కనిపిస్తోంది. ఏడవడం లేదు, పెదాలు కదులుతున్నాయి.

"ఆయన్ని అడుగు," అని మొదలుపెట్టింది నాతో, ఎప్పటిలాగే. ఆగిపోయింది. తరవాత ముందుకి వంగి, నాన్న భుజం వెనకనుంచి, తిన్నగా ఆయనతో అంది.

"ఇంత బాగా నడుస్తోంది కదండీ. ఆ రోజు వాడు కారెక్కించమని చెయ్యి చూపించాడు. రెండుసార్లు చూపించాడు. మీరు ఎక్కించలేకపోయారు."

నా నోరు తెరుచుకుంది. అమ్మా, వాడు చూపించింది అందుకు కాదు. నీ మోచెయ్యి ఆనుకున్న ఆ పెట్టెని చూపించాడు. మాట నాలుక చివరికి వచ్చేసింది. గేరు మీదున్న నా చేతి మీద నాన్న చెయ్యి పడింది. వణుకుతోంది, అయినా గట్టిగానే పట్టుకుంది.

"అవునే," అన్నాడు నాన్న. "ఎక్కించలేకపోయాను."

ఆ మాట అనడానికి ఆయన ఎంత ఆత్రపడ్డాడో నేను చూశాను. కళ్ళనిండా నీళ్ళున్నాయి, మొహం మాత్రం వెలిగిపోతోంది. ఇన్నేళ్ళకి ఆవిడ ఆయనతో మాట్లాడింది.

గేటు దగ్గర బండి ఆపాను. అమ్మ దిగలేదు. నాన్న వెనక్కి తిరగలేదు. నేను ఇంకేమీ అడగకుండా రోడ్డు మీదికి తిప్పాను.